ఆరో తరగతికి నవోదయా, సైనిక్, మోడల్ స్కూలా, ప్రైవేటా? తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులకు మొదటి నుంచి చివరి దాకా

అయిదో తరగతి పిల్లలున్న ఇంట్లో అందరూ "ఏ స్కూలు మంచిది?" అనే మొదలుపెడతారు. ఆ ప్రశ్నతో మొదలుపెడితే పక్కింటివాళ్లు చెప్పిన పేరు దగ్గరే ఆగిపోతాం. మన బిడ్డకు ఏయే బళ్లలో అర్హత ఉంది, పదో తరగతి అయ్యేసరికి ఎంత ఖర్చవుతుంది, బిడ్డ హాస్టల్లో ఉండగలదా అన్నవి ముందు తేల్చుకోవాలి. బడి పేరు ఆఖర్న వస్తుంది.

కింద చెప్పిన వరుసలోనే చేయండి. వరుస తప్పితే డబ్బో, ఏడాదో పోతుంది.

1. ముందు ఒక కాగితం మీద బళ్ల జాబితా రాసుకోండి

పరీక్ష రాసి చేరే ప్రభుత్వ బళ్లు:

- నవోదయ: ఆరో తరగతిలో ప్రవేశం, హాస్టల్, సీబీఎస్ఈ. పాత చిత్తూరు జిల్లా నవోదయ మదనపల్లె దగ్గర వలసపల్లెలో ఉంది.
- కలికిరి సైనిక్ స్కూలు: ఆరు, తొమ్మిది తరగతుల్లో ప్రవేశం, హాస్టల్, సీబీఎస్ఈ. 2021-22 నుంచి సైనిక్ స్కూళ్లన్నిటిలో అమ్మాయిలనూ చేర్చుకుంటున్నారు.
- ఏపీ మోడల్ స్కూళ్లు: ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా, ఇంగ్లీషు మీడియం. రోజూ ఇంటి నుంచి వెళ్లి రావచ్చు. మండలాల్లోనే ఉంటాయి, తిరుపతి నగరం మధ్యలో వెతక్కండి.
- గురుకులాలు (ఏపీఆర్ఎస్, అంబేడ్కర్ గురుకులాలు, జ్యోతిబా ఫూలే బీసీ గురుకులాలు): వీటిలో ప్రవేశం అయిదో తరగతిలో. అంటే బిడ్డ నాలుగులో ఉన్నప్పుడే పరీక్ష రాయాలి. అయిదులోకి వచ్చాక గుర్తొస్తే, మిగిలిపోయిన ఖాళీల కోసం ఎదురుచూడటమే.

పరీక్ష లేనివి: ఊళ్లో జెడ్పీ, మున్సిపల్ హైస్కూళ్లు, తిరుపతిలో ఎస్వీ హైస్కూలు, ఎస్పీ బాలికల హైస్కూలు లాంటి టీటీడీ బళ్లు, కేంద్రీయ విద్యాలయం. కేంద్రీయ విద్యాలయంలో అసలు ప్రవేశం ఒకటో తరగతిలో లాటరీతో. ఆరోలో ఖాళీ ఉంటేనే అవకాశం, అదీ ముందు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు.

ఇక ప్రైవేటు. ఇంటి నుంచి అరగంట లోపు చేరగలిగే రెండు మూడు బళ్లు రాసుకుంటే చాలు. పది రాసుకుంటే ఏదీ సరిగ్గా చూడరు.

2. బిడ్డకు అర్హత ఉందా? ఇక్కడే సగం జాబితా కొట్టేస్తారు

కోచింగ్‌కు డబ్బు కట్టక ముందే ఈ పని అయిపోవాలి. కోచింగ్ అంతా అయ్యాక వయసు చాల్లేదనో, కోటా రాదనో తెలుసుకునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

*నవోదయకు*

- పుట్టిన తేదీ. 2026-27 ప్రవేశాలకు 2014 మే 1 నుంచి 2016 జూలై 31 మధ్య పుట్టి ఉండాలని పెట్టారు. తర్వాతి ఏళ్లకు నోటిఫికేషన్‌లో చూసి సరిపోల్చుకోండి.
- ఏ జిల్లా నవోదయకు అప్లికేషన్ పెడతారో, అయిదో తరగతి ఆ జిల్లాలోనే, గుర్తింపు ఉన్న బడిలో చదువుతూ ఉండాలి. నివాసం కూడా ఆ జిల్లాలోనే.
- పరీక్ష ఒక్కసారే. మళ్లీ అయిదు చదివించి రాయిద్దామంటే కుదరదు.
- 75 శాతం సీట్లు గ్రామీణ కోటా. మూడు, నాలుగు, అయిదు తరగతులు పూర్తిగా పల్లె బడిలో చదివితేనే ఆ కోటా. ఈ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణ బడిలో పేరున్నా పట్టణ అభ్యర్థిగానే లెక్క.

చివరి నిబంధన తిరుపతి చుట్టుపక్కలవాళ్లకు బాగా తగులుతుంది. ఇల్లు పంచాయతీలో ఉంటుంది, బిడ్డ మాత్రం నగరంలో కాన్వెంటుకు వెళ్తుంది. ఇల్లు పల్లెలో ఉంది కదా అని గ్రామీణ అని టిక్ పెడితే, సీటు వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలనలో పోతుంది. చూసేది బడి ఎక్కడుందని, ఇల్లు ఎక్కడుందని కాదు.

2022లో జిల్లాలు మారాక ఇంకో తికమక వచ్చింది. సూళ్లూరుపేట, వెంకటగిరి వైపు ఇప్పుడు తిరుపతి జిల్లా అయినా, అంతకుముందు నెల్లూరు జిల్లా. అప్లికేషన్‌లో జిల్లా పేరు దగ్గర ఆగండి. మీ మండలం ఏ నవోదయ కిందికి వస్తుందో వలసపల్లె బడికి ఫోన్ చేసి కనుక్కున్నాకే నింపండి.

*సైనిక్ స్కూలుకు* చేరే ఏడాది మార్చి 31 నాటికి ఆరో తరగతికైతే 10 నుంచి 12 ఏళ్లు, తొమ్మిదికైతే 13 నుంచి 15 ఏళ్లు. 67 శాతం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకు.

*బీసీలకు ఒక హెచ్చరిక.* నవోదయ, సైనిక్ రెండింటిలోనూ చూసేది కేంద్ర ఓబీసీ జాబితా. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన ఆ జాబితాలో ఉండాలని లేదు. కులం పేరు కేంద్ర జాబితాలో చూసుకుని, కేంద్రం ఫార్మాట్‌లోనే నాన్ క్రీమీలేయర్ (కుటుంబం ఆదాయ పరిమితి దాటలేదనే) సర్టిఫికెట్ తీసుకోండి. మామూలుగా మీసేవలో ఇచ్చే కుల ధ్రువీకరణ సరిపోదు. తహశీల్దారు ఆఫీసులో ఫార్మాట్ కాగితం చూపించి మరీ అడగాలి.

3. తేదీలు గోడ మీద రాయండి

సుమారుగా ఏడాది ఇలా నడుస్తుంది. కచ్చితమైన తేదీలు ఏటా మారతాయి.

- జూన్–ఆగస్టు: నవోదయ అప్లికేషన్. ఫీజు లేదు. ఇప్పుడు చదువుతున్న బడి హెడ్‌మాస్టర్ సంతకం పెట్టిన సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయాలి.
- అక్టోబరు ప్రాంతం: సైనిక్ స్కూలు అప్లికేషన్.
- డిసెంబరు–జనవరి: నవోదయ పరీక్ష. సైనిక్ పరీక్ష కొన్నేళ్లు జనవరిలో జరిగింది, 2025లో ఏప్రిల్‌కు వెళ్లింది.
- ఫిబ్రవరి–ఏప్రిల్: మోడల్ స్కూళ్లు, గురుకులాల అప్లికేషన్లు, పరీక్షలు.
- సంక్రాంతి దాటగానే: ప్రైవేటు బళ్ల ఫోన్లు. "ఈ నెలాఖరుకి కడితే ఫీజులో తగ్గింపు సార్."

ప్రభుత్వ బళ్ల ఫలితాలు మార్చి నుంచి మే దాకా వస్తుంటాయి. ప్రైవేటు మనల్ని జనవరిలో తొందరపెడుతుంది. తలనొప్పంతా ఈ నడిమధ్య నెలల్లోనే. దాని సంగతి ఏడో అంచెలో.

4. ఒక్క ఏడాదికి కాదు, ఐదేళ్లకు లెక్క వేయండి

ప్రైవేటు బడి ఆఫీసులో కూర్చుంటే ఏం జరుగుతుందో చాలామందికి అనుభవమే. ఎదురుగా ఉన్నాయన కరపత్రం వెనక్కి తిప్పి 75 అని రాస్తాడు, దాన్ని కొట్టేసి 60 అని రాసి చుట్టూ సున్నా చుడతాడు. మనకు పదిహేను వేలు మిగిలినట్టే అనిపిస్తుంది. అప్పుడు "ఏడో తరగతికి ఎంత? పదికి ఎంత?" అని అడగండి. పెన్ను ఆగిపోతుంది.

ఏడాదికి 60 వేలతో మొదలై ఏటా 10 శాతం పెరిగితే, ఆరు నుంచి పది దాకా ఒక్క ఫీజే 3 లక్షల 66 వేలు దాటుతుంది. దాని మీద పుస్తకాలు, యూనిఫాం రెండు జతలు, బూట్లు, వ్యాను, "ఫౌండేషన్" మెటీరియల్, సాయంత్రం ట్యూషన్. వ్యాను పది నెలలకా, పన్నెండు నెలలకా అన్నది కూడా అడగాలి.

ప్రభుత్వ బళ్ల లెక్క కూడా అంతే నిజాయితీగా వేయండి:

- నవోదయ: ఎనిమిది దాకా ఏమీ లేదు. తొమ్మిది నుంచి నెలకు 600 రూపాయలు. అమ్మాయిలకు, ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాలకు అదీ లేదు. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు నెలకు 1500. మనవైపు ఖర్చల్లా వెళ్లి చూసి రావడానికే.
- సైనిక్: ప్రభుత్వ బడి కదా, ఉచితం అనుకునేవాళ్లు చాలామంది. ఫీజు, మెస్ కలిపి ఏడాదికి లక్ష దాటుతుంది. ఆదాయాన్ని బట్టి స్కాలర్‌షిప్ ఉంటుంది. అది వస్తుందో రాదో ముందే తేల్చుకోండి, వచ్చినట్టే లెక్క వేయకండి.
- మోడల్ స్కూలు, జెడ్పీ హైస్కూలు: ఫీజు లేదు. పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఇస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో చార్జీ లేదు. పల్లె నుంచి వెళ్లే ఆడపిల్లకు ఇది పెద్ద తేడా.

"తల్లికి వందనం" డబ్బును ఒక్క ప్రైవేటు ఫీజులోంచి మాత్రమే తీసేసి లెక్క చూపిస్తారు కొందరు. ఆ పథకం ప్రభుత్వ బడి పిల్లలకూ, ప్రైవేటు పిల్లలకూ ఒకటే. రెండు వైపులా తీసేయండి, లేదంటే రెండు వైపులా వదిలేయండి.

ఇంకా కొన్ని కనిపించని లెక్కలున్నాయి:

- ఎన్ఎంఎంఎస్ (కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్): ఎనిమిదో తరగతిలో పరీక్ష నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు. హాస్టల్ లేని ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ల పిల్లలకే. నవోదయ, సైనిక్, ప్రైవేటు పిల్లలకు లేదు. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు మించకూడదు.
- ట్రిపుల్ ఐటీ (ఆర్‌జీయూకేటీ): పదో తరగతి మార్కుల మీద సీట్లు. హాస్టల్ లేని ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు 4 శాతం అదనంగా కలుపుతారు. 600కి 560 తెచ్చుకున్న జెడ్పీ స్కూలు బిడ్డ ప్రైవేటు పిల్లలను దాటిపోయేది ఇక్కడే.
- సరిహద్దు ఊళ్లు: గుడిపాల, యాదమరి నుంచి వేలూరుకో, కుప్పం నుంచి కర్ణాటక వైపుకో పంపేవాళ్లు లోకల్ నిబంధన చదవండి. ఈఏపీసెట్‌లో (ఇంటర్ తర్వాత ఇంజినీరింగ్ లాంటి కోర్సుల ప్రవేశ పరీక్ష) బిడ్డ లోకలా కాదా అని తేల్చేటప్పుడు మొదట చూసేది ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారని. అంటే తొమ్మిది, పది కూడా ఆ లెక్కలోకి వస్తాయి.

5. బిడ్డ హాస్టల్లో ఉండగలదా?

ఈ ప్రశ్నను "అన్నీ అలవాటవుతాయిలే" అని దాటేస్తారు. అలవాటు కాక దసరాకు ఇంటికొచ్చి మళ్లీ వెళ్లననే పిల్లలు ఉంటారు. అప్పటికి ఊళ్లో మంచి బళ్లలో సీట్లు నిండిపోయి ఉంటాయి.

వేసవి సెలవుల్లో పదిరోజులు అవ్వ దగ్గరికో, మేనత్త ఇంటికో అమ్మ లేకుండా పంపండి. వచ్చాక ఇవి చూసుకోండి:

- తన బట్టలు తనే ఉతుక్కుని ఆరేసుకుందా?
- పెట్టింది తిన్నదా, లేక రోజూ ఫోన్ చేసి ఏడ్చిందా?
- ఒంట్లో బాగోకపోతే పెద్దవాళ్లకు నోరు తెరిచి చెప్పిందా?
- రాత్రి పక్క తడిపే అలవాటు, ఆస్తమా, మూర్ఛ లాంటివి ఉన్నాయా? ఉంటే హాస్టల్ మాట డాక్టరును అడిగాకే.

మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. బట్టలు ఉతకడం నెలలో వస్తుంది. నోరు తెరిచి చెప్పడం అంత తొందరగా రాదు.

నవోదయకు పంపేవాళ్లకు ఇంకో విషయం. తొమ్మిదో తరగతిలో 30 శాతం పిల్లలను ఒక ఏడాది హిందీ రాష్ట్రంలోని నవోదయకు పంపుతారు. చేర్చేటప్పుడే ఇంట్లో అందరూ, ముఖ్యంగా నాయనమ్మ, దీనికి ఒప్పుకున్నారో లేదో చూసుకోండి. తిరుపతి నుంచి భాకరాపేట ఘాటు ఎక్కి పీలేరు, కలికిరి మీదుగా మదనపల్లె వెళ్లి రావడమే ఒక పూట పని.

6. బడిలోకి వెళ్లి చూడండి

ఆదివారం వెళ్లకండి. బడి నడిచే రోజు, చివరి పీరియడ్ అప్పుడు వెళ్లండి.

*ప్రైవేటు బడిలో*

- ఆరో తరగతి పిల్లవాడి లెక్కల నోటు అడిగి మధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరవండి. తప్పు లెక్క పక్కన టీచరు ఏం రాశారు? ప్రతి పేజీకీ టిక్కు మార్కు మాత్రమే ఉండి, తప్పు లెక్కకూ టిక్కే ఉంటే ఇంక అడగాల్సింది లేదు.
- "సీబీఎస్ఈ సిలబస్" వేరు, సీబీఎస్ఈ అనుబంధం వేరు. అనుబంధం నంబరు అడిగి, బోర్డు వెబ్‌సైట్‌లో ఆ బడి పేరు, చిరునామా ఉన్నాయో చూడండి. రాష్ట్ర సిలబస్ బడైతే ఏ తరగతి దాకా గుర్తింపు ఉంది, ఎప్పటిదాకా ఉంది అని అడగండి. పదో తరగతి హాల్ టికెట్ మీద ఏ బడి పేరు వస్తుందని కూడా.
- గత ఏడాది ఆరో తరగతికి పాఠం చెప్పిన టీచర్లలో ఎంతమంది ఇప్పుడున్నారు?
- ఆటల పీరియడ్ టైంటేబుల్లో ఉందా, గ్రౌండులో ఉందా?
- టీసీ ఇవ్వడానికి షరతులేమిటి?

హోర్డింగు మీది ర్యాంకుల్ని చూసి ఏదీ తేల్చుకోకండి. ఆ పిల్లవాడు ఈ బ్రాంచిలోనే చదివాడా, ఆరు నుంచి ఇక్కడే ఉన్నాడా అని అడగండి.

*మోడల్ స్కూలు, జెడ్పీ హైస్కూలులో*

- లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు పోస్టులు నిండి ఉన్నాయా? ఖాళీ ఉంటే ఎన్నాళ్లుగా?
- ఆడపిల్లల మరుగుదొడ్డికి గొళ్లెం, నీళ్లు.
- బస్సు దిగాక ఎంత నడక? సాయంత్రం తిరుగు బస్సు ఎన్నింటికి?

*హాస్టల్ ఉన్న ఏ బడిలోనైనా* భోజనం వేళకు వెళ్లండి. అన్నం రుచి కంటే కంచాలు ఎక్కడ కడుగుతున్నారు, తాగే నీళ్లు ఎక్కడివి, జ్వరం వచ్చినవాళ్లను ఎక్కడ పడుకోబెడతారు అన్నది చూడండి.

తిరుపతివాళ్లు ఇంకొకటి చేయాలి. ఉదయం ఎనిమిదిన్నరకు ఇంటి నుంచి బడికి బండి మీద ఒకసారి వెళ్లి చూడండి. లీలామహల్ సర్కిల్, అలిపిరి వైపు ఆ వేళ దారి ఎలా ఉంటుందో మధ్యాహ్నం వెళ్తే తెలియదు. వ్యాను ఇంకా పది వీధులు తిరుగుతుందని గుర్తుంచుకోండి.

7. ఫలితాలు రాకముందే ప్రైవేటు అడ్వాన్సు అడిగితే

ఈ వరుసలో నడవండి:

1. కనీస మొత్తం ఎంతో అడగండి. అప్లికేషన్ ఫీజు మాత్రమే కట్టి పేరు ఉంచుతారేమో చూడండి.
2. "నవోదయ వస్తే వెనక్కి ఇస్తారా?" అని అడిగి, ఇస్తామంటే రసీదు మీదే రాయించి స్టాంపు వేయించుకోండి. నోటిమాటకు విలువ లేదు. "మా బ్రాంచి సార్ మారిపోయారు" అన్న జవాబు మే నెలలో చాలామందికి వినబడుతుంది.
3. రాసివ్వడానికి ఒప్పుకోకపోతే, పోయినా పర్లేదు అనుకునే మొత్తానికి మించి కట్టకండి. ఏడాది ఫీజు ఒకేసారి అస్సలు వద్దు.
4. తగ్గింపు గడువు పోతుందని భయపడకండి. సీట్లు మిగిలిన బడి మే నెలలోనూ తగ్గిస్తుంది. "స్కాలర్‌షిప్ టెస్టు"లో మీ బిడ్డకు తగ్గింపు వచ్చిందంటే పక్కనున్న పిల్లవాడికి ఎంత వచ్చిందో కూడా కనుక్కోండి.
5. నవోదయ మొదటి జాబితాలో పేరు లేకపోతే వెయిటింగ్ జాబితా దాకా ఆగండి. ఈలోగా ఊళ్లో హైస్కూల్లో చేర్చేయండి. అక్కడి నుంచి టీసీ తీసుకోవడం తేలిక, ఖర్చు లేదు.

8. పరీక్షకు తయారీ: ఎంత అవసరమో అంత

నవోదయ పరీక్ష 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. మెంటల్ ఎబిలిటీ (బొమ్మల ప్రశ్నలు) 40 ప్రశ్నలకు 50 మార్కులు, లెక్కలు 20కి 25, భాష 20కి 25. తప్పుకు మార్కులు కోయరు. తెలుగులోనే రాయవచ్చు. సగం మార్కులు బొమ్మల ప్రశ్నలవే కాబట్టి రోజూ అరగంట వాటి మీద కూర్చుంటే ఫలితం త్వరగా కనబడుతుంది.

సైనిక్ ఆరో తరగతి పరీక్షలో 300 మార్కులకు 150 లెక్కలవే. లెక్కల్లో వెనకబడిన బిడ్డను దీనికోసం ఏడాదంతా రుద్దడం నాకు నచ్చదు. ఆరు పరీక్ష తెలుగులో రాయవచ్చు, తొమ్మిదో తరగతి ప్రవేశ పరీక్ష మాత్రం ఇంగ్లీషులోనే.

ఓఎంఆర్ షీటు (సున్నాలు దిద్దే జవాబు కాగితం) జిరాక్సులు తెచ్చి ఇంట్లో గడియారం పెట్టి రాయించండి. జవాబు తెలిసీ ఒక వరుస కింద సున్నా దిద్ది మొత్తం తప్పు చేసుకునే పిల్లలున్నారు. పదేళ్ల బిడ్డను తెల్లారి నాలుగింటికి లేపే కోచింగ్ అయితే మానేయడమే మేలు.

9. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

- *సీటు వచ్చింది కదా అని కళ్లు మూసుకుని చేర్చడం.* సీటు రావడం వేరు, ఆ బడి బిడ్డకు సరిపడటం వేరు. అయిదో అంచె మళ్లీ చదివి, బిడ్డను ఒకసారి ఆ బడికి తీసుకెళ్లి చూపించాకే టీసీ తీసుకోండి.
- *నవోదయ రాకపోతే ప్రైవేటే దిక్కు అనుకోవడం.* టీచర్లు నిండుగా ఉన్న మోడల్ స్కూలో జెడ్పీ హైస్కూలో దగ్గర్లో ఉంటే, ఆ 3 లక్షల 66 వేలల్లో కొంత ఇంటర్‌కు దాచినా బిడ్డకు ఎక్కువ ఉపయోగం.
- *అప్పు చేసి ఖరీదైన బడిలో వేసి ఎనిమిదిలో మాన్పించడం.* ఐదేళ్లూ కట్టగలిగిన బడినే ఎంచుకోండి. మధ్యలో మారక తప్పకపోతే ఏడో తరగతి పూర్తయ్యాక మారండి. ఎన్ఎంఎంఎస్ ఎనిమిదిలో ఉంటుంది కాబట్టి ప్రభుత్వ బడికి అప్పుడు వస్తే ఆ అవకాశం దొరుకుతుంది.
- *ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, బడి రికార్డులో ఇంకొకటి.* అప్లికేషన్ తెరవక ముందే సరిచేయించండి. గడువు వారంలో మీసేవ చుట్టూ తిరిగితే పని కాదు.
- *బిడ్డను అడగకపోవడం.* పదేళ్ల బిడ్డ మాటే చివరి మాట కానక్కర్లేదు. కానీ అస్సలు వెళ్లనంటే కారణం కనుక్కోండి. చాలాసార్లు అది బడి మీద భయం కాదు, ఒక స్నేహితురాలిని వదిలి వెళ్లాల్సి రావడం.

10. ఫైల్లో ఉండాల్సిన కాగితాలు

- జనన ధ్రువీకరణ పత్రం, బిడ్డ ఆధార్, తల్లిదండ్రుల ఆధార్
- మూడు, నాలుగు, అయిదు తరగతుల స్టడీ సర్టిఫికెట్లు (బడి పంచాయతీలోనా, పట్టణంలోనా అన్నది తేలేలా)
- కుల, ఆదాయ ధ్రువీకరణలు; ఓబీసీ అయితే కేంద్ర ఫార్మాట్‌లో
- నివాస ధ్రువీకరణ
- అప్లికేషన్ ప్రింటు, రిజిస్ట్రేషన్ నంబరు, హాల్ టికెట్ జిరాక్సు
- ప్రైవేటుకు కట్టిన ప్రతి రూపాయికి రసీదు
- పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు ఒక డజను

టీసీ మాత్రం అన్నిటికంటే ఆఖర్న, కొత్త బడి సీటు ఖాయమని కాగితం చేతికొచ్చాకే తీసుకోండి.